అమెరికా మోటారు బోటును ఐరోపా కరెంటుకు మార్చడం ఎలా?

అమెరికాలో కొన్న బోటు ఓడెక్కి రోటర్‌డామ్‌కో యాంట్‌వర్ప్‌కో చేరుతుంది. మారినాలో (బోట్లు నిలిపే రేవులో) కట్టేసి కరెంటు తీగ విప్పి చూస్తే, దాని ప్లగ్గు రేవులోని సాకెట్టుకు పట్టదు. నాకు ఫోన్లు మొదలయ్యేది అప్పుడే. ఫోను చేసేవారిలో సగం మంది అప్పటికే ఒక అడాప్టరు కొని ఉంటారు. దాన్ని బోటు దగ్గరికి కూడా తీసుకువెళ్లవద్దని చెప్పడంతోనే నా పని మొదలవుతుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది 9 నుంచి 12 మీటర్ల మోటారు బోటు. 30 ఆంపియర్ల ఇన్‌లెట్లు (ఒడ్డు నుంచి వచ్చే కరెంటు తీగను బోటుకు తగిలించే సాకెట్లు) రెండు, 12 వోల్టుల బ్యాటరీలు, వాటర్ హీటరు, ఏ.సి., మైక్రోవేవ్, బ్యాటరీ ఛార్జరు, చిన్న జనరేటరు ఉన్నాయనుకుందాం. పెద్ద బోట్లలో కనిపించే 50 ఆంపియర్ల వ్యవస్థకు విడిగా ఒక భాగం ఉంది. ఆ బోటు ఉన్నవారు దాన్ని దాటేయవద్దు.

వైరింగు పని మీరే చేసుకున్నా, చివరి తనిఖీ మాత్రం బోట్ల పని తెలిసిన లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ చేత చేయించి కాగితం తీసుకోండి. బీమావాళ్లు ముందుగా అడిగేది దాన్నే.

1. తేడా ఎక్కడ ఉంది?

అమెరికా రేవుల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఐరోపాలో మన ఇళ్లలో లాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా నుంచి తెచ్చిన రైస్ కుక్కరును హైదరాబాదులో నేరుగా గోడ సాకెట్టులో పెడితే ఏమవుతుందో మనలో చాలామందికి తెలుసు. బోటులో ఆ కుక్కరులాంటివి పది ఉంటాయి, అవి చెక్క అల్మారాల వెనక దాగి ఉంటాయి.

వోల్టేజిని ట్రాన్స్‌ఫార్మరుతో మార్చవచ్చు. ఫ్రీక్వెన్సీ మాత్రం దానితో మారదు. 230ని 120 చేసినా బయటికి వచ్చేది 50 హెర్ట్జే. కెటిల్‌కు దానితో పేచీ లేదు, మోటారుకు ఉంది. 60 హెర్ట్జ్ మోటారు 50 మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. అదే వోల్టేజి ఇస్తే దాని ఇనుప కోరులో అయస్కాంత ఫ్లక్స్ 20 శాతం పెరుగుతుంది. మోటారు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది, కొన్నాళ్లకు కాలిపోతుంది. మొదటిరోజే కాలిపోతే మంచిదే, కారణం వెంటనే తెలుస్తుంది. మూడు నెలల తర్వాత కాలిపోతే ‘పాతదైపోయింది’ అని కొత్తది కూడా అలాంటిదే కొంటారు.

ఒక మంచి వార్త ఉంది. అమెరికా 30 ఆంపియర్ల తీగ మోసే శక్తి 3,600 వాట్లు. ఐరోపా 16 ఆంపియర్ల నీలం ప్లగ్గు మోసేది 3,680. ఒక తీగకు బదులు ఒక తీగ అనుకుంటే శక్తిలో మీరు కోల్పోయేది ఏమీ లేదు. 230లో అదే పనికి కరెంటు దాదాపు సగమే కనుక, ఉన్న వైర్ల మీద భారం తగ్గుతుంది కూడా.

2. పనిముట్ల కన్నా ముందు కాగితాలు

2.5 నుంచి 24 మీటర్ల వినోద బోట్లకు ఐరోపా సమాఖ్యలో 2013/53 నంబరు ఆదేశం వర్తిస్తుంది. సి.ఇ. ముద్ర (ఐరోపా నియమాలకు సరిపోతుందని చెప్పే గుర్తు) లేని బోటును సొంతానికి దిగుమతి చేసుకుంటే, గుర్తింపు పొందిన సంస్థ చేత నిర్మాణానంతర మదింపు చేయించాలి. విద్యుత్తు అందులో ఒక భాగం మాత్రమే. ఇంజను పొగ, శబ్దం కూడా చూస్తారు. ఇంజను దగ్గరే ఆగిపోయేటట్లుంటే వైరింగు మీద డబ్బు పెట్టడం దండగ. అందుకే ఆ సంగతి ముందు తేల్చుకోండి.

విద్యుత్తుకు అనుసరించే ప్రమాణం ఐ.ఎస్.ఓ. 13297. మదింపు చేసే వ్యక్తిని పని మొదలుపెట్టక ముందే కలిసి, మీ ప్యానెల్ బొమ్మ చూపించండి. పని అయ్యాక కలిస్తే సగం మళ్లీ విప్పవలసి రావచ్చు.

3. నేమ్‌ప్లేట్ల జాబితా

ఈ మెట్టుకు ఒక పూర్తి రోజు కేటాయించండి. దీన్ని దాటేసినవారే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు.

ఒడ్డు తీగ తీసేసి, జనరేటరు, ఇన్వర్టరు ఆపేసి, ఆ కరెంటుతో నడిచే ప్రతి వస్తువు దగ్గరికీ వెళ్లండి. నేమ్‌ప్లేటు ఎప్పుడూ గోడవైపే ఉంటుంది. ఫోనును సందులోకి దూర్చి ఫొటో తీయండి. ఫొటో కింద ఆ వస్తువు ప్యానెల్‌లో ఏ బ్రేకరుకు కలిసిందో రాసుకోండి. ఆపైన అన్నిటినీ నాలుగు గుంపులుగా విడదీయండి.

మొదటి గుంపు: ‘100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉన్నవి. ల్యాప్‌టాప్, ఫోను ఛార్జర్లు, చాలా కొత్త బ్యాటరీ ఛార్జర్లు, కొన్ని టీవీలు. వీటికి ప్లగ్గు మారిస్తే చాలు.

రెండో గుంపు: 120 వోల్టులే, కానీ కేవలం వేడి పుట్టించేవి. వాటర్ హీటరు, స్టవ్వు, కెటిల్. వీటికి ఫ్రీక్వెన్సీతో పని లేదు. ఎలిమెంటు మార్చాలి, లేదా వస్తువు మార్చాలి.

మూడో గుంపు: 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉన్న మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు. ఏ.సి., దాని సముద్రపు నీటి పంపు, పాత మైక్రోవేవ్, పాత ఛార్జరు, ఐస్ మేకరు. తలనొప్పి అంతా ఈ గుంపుదే.

నాలుగో గుంపు: 12 వోల్టులతో నడిచేవి. బిల్జ్ పంపు (బోటు అడుగున చేరే నీళ్లను తోడేది), లైట్లు, మంచినీళ్ల పంపు. వీటిని ముట్టుకోవద్దు. అమెరికాలోనూ ఐరోపాలోనూ 12 వోల్టులు ఒకటే. ఫ్రిజ్ కూడా చాలావరకు ఈ గుంపులోకే వస్తుంది. కంప్రెసరు 12 వోల్టులదే అయి, పక్కన ఒడ్డు కరెంటుతో నడిపే చిన్న అడాప్టరు ఉంటుంది. దాని ప్లేటు మాత్రం చూడండి.

ప్లేటు చెరిగిపోయిన వస్తువును మూడో గుంపులో వేయండి. సందేహం ఉన్నదాన్ని మంచిదనుకోవడం ఈ పనిలో పనికిరాదు.

4. మూడు దారులు

మొదటి దారి, మొత్తం 230కి మార్చేయడం. ఇన్‌లెట్టు, బ్రేకర్లు, సాకెట్లు, మూడో గుంపు వస్తువులు అన్నీ. ఖర్చు ముందే కనిపిస్తుంది, తర్వాత బాధ ఉండదు. చెడిపోయిన వస్తువుకు బదులు పక్క ఊళ్లోనే దొరుకుతుంది.

రెండో దారి, 230ని 120గా తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టి మిగతాదంతా అలాగే ఉంచడం. చౌక. ఒక వేసవి గడిపి బోటును తిరిగి అమెరికాకు పంపేవారికి సరిపోతుంది. కానీ మూడో గుంపు వస్తువులు దీనితో నడవవు. ట్రాన్స్‌ఫార్మరు కూడా 50 హెర్ట్జ్‌కు తయారైనదే కొనాలి. 60కి మాత్రమే తయారైనది 50 మీద తానే వేడెక్కుతుంది.

మూడో దారి, ఒడ్డు కరెంటుతో బ్యాటరీలను మాత్రమే ఛార్జి చేసి, 120 వోల్టులు 60 హెర్ట్జ్ ఇచ్చే ఇన్వర్టరుతో అమెరికా వస్తువులను నడపడం. ఒడ్డున ఏ కరెంటు ఉన్నా లోపల అమెరికాయే. ఫ్రీక్వెన్సీ సమస్య పూర్తిగా తీరేది ఇందులోనే. అయితే బ్యాటరీల లెక్క చూసుకోవాలి. మైక్రోవేవ్ 1,500 వాట్లు లాగితే 12 వోల్టుల వైపు దాదాపు 140 ఆంపియర్లు. అయిదు నిమిషాలకు 12 ఆంపియర్-గంటలు, ఫరవాలేదు. ఏ.సి. రాత్రంతా నడిస్తే ఈ లెక్క నిలవదు.

నేను సలహా ఇచ్చేది మొదటి, మూడో దారుల కలయిక. బరువైనవన్నీ 230కి మార్చండి: హీటరు, ఏ.సి., ఛార్జరు. వదులుకోలేని ఒకటి రెండు అమెరికా వస్తువులకు చిన్న 120 వోల్టుల ప్యూర్ సైన్ ఇన్వర్టరు పెట్టండి. కింద చెప్పే మెట్లు ఈ కలయికకే. పెద్ద యాట్‌లలో ఫ్రీక్వెన్సీ కన్వర్టర్లు వాడతారు. వాటి ధర, బరువు మన సైజు బోటుకు తగవు.

5. ఇన్‌లెట్టు, మొదటి రక్షణ

పాత 30 ఆంపియర్ల మెలితిప్పే ఇన్‌లెట్టును తీసేయండి. ఆ రంధ్రంలోనే 16 ఆంపియర్ల, మూడు పిన్నుల, 230 వోల్టుల నీలం రకం బోటు ఇన్‌లెట్టు బిగించండి. రంధ్రం కొలత కలవకపోతే స్టెయిన్‌లెస్ పలక వేసి సీలెంటు పట్టించండి. రెండో ఇన్‌లెట్టు అవసరం లేకపోతే వైరు ప్యానెల్ దగ్గరే విప్పి, రంధ్రం మూసేయండి. తలుపు వెనక ఉన్న టీవీ, టెలిఫోను ఇన్‌లెట్లనూ అప్పుడే తీసేయవచ్చు.

ఇన్‌లెట్టుకు అర మీటరు లోపున రెండు పోళ్ల (అంటే ఫేజు, న్యూట్రల్ రెండింటినీ తెంచే) 16 ఆంపియర్ల ఆర్.సి.బి.ఓ. పెట్టండి. లీకేజి 30 మిల్లీ ఆంపియర్లు దాటితే అది ట్రిప్ కావాలి. మన ఊళ్లలో ఈ.ఎల్.సి.బి. అని పిలిచే పరికరం చేసే పనినే ఇది బ్రేకరుతో కలిపి చేస్తుంది. అమెరికా బోటులో ఉన్న పాత లీకేజి బ్రేకరు 120 వోల్టులకు తయారైనదైతే దాన్ని ఉంచవద్దు. దాని పరీక్ష బటను పనిచేసినట్లు కనిపించినా నమ్మలేం.

6. ప్యానెల్

ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. మన పాత ఇళ్ల వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. చెయ్యి దానికే అలవాటు పడి ఉంటుంది. అమెరికా బోటులో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. దానికి తోడు, 12 వోల్టుల నెగెటివ్ వైరు కూడా చాలా బోట్లలో నలుపే. ఒకే ప్యానెల్ వెనక రెండు రకాల నల్ల వైర్లు పక్కపక్కనే పోతుంటాయి. ఒకటి చేత్తో పట్టుకున్నా ఏమీ కాదు. రెండోది ప్రాణం తీస్తుంది.

అందుకని ప్యానెల్ విప్పగానే చేయవలసిన పని రంగులు చూడడం కాదు, కొలవడం. కొలిచి, ఒడ్డు కరెంటు వైపు ప్రతి నల్ల వైరు చివరా గోధుమ రంగు స్లీవు, తెల్ల వైరు చివర నీలం స్లీవు, ఆకుపచ్చకు పసుపు-ఆకుపచ్చ స్లీవు తొడగండి. వైర్లను పీకి కొత్తవి లాగనవసరం లేదు. నలుపు-తెలుపు జోడీని ఐ.ఎస్.ఓ. 13297 కూడా ఒప్పుకుంటుంది. స్లీవు మీ తర్వాత ప్యానెల్ విప్పబోయే ఐరోపా ఎలక్ట్రీషియన్ కోసం.

వైరు ఇన్సులేషన్ గురించి భయం వద్దు. అమెరికా బోటు కేబుల్ మీద ‘600 వోల్టులు’ అని అచ్చు వేసి ఉంటుంది. చదివి నిర్ధారించుకోండి. మందం ఇలా ఉంటుంది:

– 10 గేజి: 5.3 చదరపు మిల్లీమీటర్లు
– 12 గేజి: 3.3
– 14 గేజి: 2.1

14 గేజి వైరు ఉన్న చోట పాత 15 ఆంపియర్ల బ్రేకరు స్థానంలో 10 ఆంపియర్లది పెట్టండి. తగ్గించినట్లు అనిపిస్తుంది కానీ, పాత 15 ఆంపియర్లు 120లో 1,800 వాట్లు, కొత్త 10 ఆంపియర్లు 230లో 2,300.

బ్రేకర్ల విషయంలో అసలు మార్పు పోళ్ల సంఖ్య. అమెరికాలో ప్లగ్గు ఒకే తీరున పడుతుంది కనుక ఉపశాఖలకు ఫేజును మాత్రమే తెంచే ఒంటి పోల్ బ్రేకర్లు వాడతారు. జర్మనీ, నెదర్లాండ్స్ ఇళ్లలో వాడే షూకో ప్లగ్గును తిప్పి కూడా పెట్టవచ్చు. ఫేజు, న్యూట్రల్ తారుమారైన రేవు పెట్టెలు కూడా తరచుగా కనిపిస్తాయి. అలాంటి చోట ఒంటి పోల్ బ్రేకరు ఆపితే న్యూట్రల్ తెగుతుంది, వస్తువులోకి ఫేజు అలాగే పారుతూ ఉంటుంది. అన్ని శాఖలకూ రెండు పోళ్ల బ్రేకర్లు వేయండి. ప్యానెల్‌లో చోటు చాలకపోతే పక్కన చిన్న డిన్ రైలు పెట్టె (బ్రేకర్లు బిగించే లోహపు పట్టీ ఉన్నది) పెట్టడమే తేలిక.

150 వోల్టుల దాకా మాత్రమే చూపే మీటరు, 120 వోల్టుల రివర్స్ పోలారిటీ లైటు (ఫేజు, న్యూట్రల్ తారుమారైతే వెలిగేది), పైలట్ లైట్లు కూడా మార్చాలి. ఈ చిన్న లైట్లు మరచిపోతే మొదటిసారి స్విచ్ వేయగానే ‘టప్’ మంటాయి.

7. 50 ఆంపియర్ల బోటు ఉన్నవారికి

ఈ బోట్లలో రెండు ఫేజు వైర్లు ఉంటాయి: నలుపు, ఎరుపు. రెండింటి మధ్య 240 వోల్టులు, ఒక్కోదానికీ తెల్ల న్యూట్రల్‌కూ మధ్య 120. ‘240 ఉంది కదా, ఐరోపా 230ని నలుపు-ఎరుపుల మధ్య ఇచ్చేస్తే సరిపోతుంది’ అనే ఉపాయం చాలామందికి తడుతుంది. 240 వోల్టుల హీటరు, స్టవ్వు నిజంగానే పనిచేస్తాయి కూడా. మోసం అక్కడే ఉంది.

ఐరోపా న్యూట్రల్ ఎర్రవైరుకు పోయింది కనుక, బోటులోని తెల్లవైరు ఎక్కడా కలవకుండా గాలిలో ఉంటుంది. ఇప్పుడు నల్లవైరు వైపు 1,500 వాట్ల కెటిల్, ఎర్రవైరు వైపు 60 వాట్ల టీవీ పెట్టారనుకోండి. కెటిల్ నిరోధం 9.6 ఓములు, టీవీది సుమారు 240. తెల్లవైరు గుండా రెండూ వరసగా కలిసి 230 వోల్టులను పంచుకుంటాయి. కెటిల్‌కు 9 వోల్టులు, 120 వోల్టుల టీవీకి 221. నీళ్లు కాగవు, టీవీ పొగ కక్కుతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఇదే.

సరైన పద్ధతి: 230 తీసుకుని, మధ్యలో ట్యాప్ ఉన్న సెకండరీతో (బోటుకు కరెంటు ఇచ్చే వైపు చుట్టతో) 120/240 ఇచ్చే 50 హెర్ట్జ్ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు, అంటే ఒడ్డు వైర్లకూ బోటు వైర్లకూ నేరుగా కలయిక లేకుండా చేసేది. మధ్య ట్యాపే న్యూట్రల్. అదీ వద్దనుకుంటే 120 శాఖలన్నీ విప్పి, మొత్తం ప్యానెల్‌ను ఫేజు-న్యూట్రల్ పద్ధతికి మార్చండి. మధ్యే మార్గం లేదు. శక్తి లెక్క కూడా చూసుకోండి. అమెరికాలో ఈ తీగ 12,000 వాట్లు ఇచ్చేది. ఐరోపాలో 32 ఆంపియర్ల సాకెట్టు దొరికినా 7,360 వాట్లే.

8. సాకెట్లు

230 వోల్టులు పారే అమెరికా సాకెట్టు ఒక్కటి కూడా బోటులో మిగలకూడదు. అతిథి ఎవరో తమ 120 వోల్టుల హెయిర్ డ్రైయరు పెడతారు, అంతే. షూకో రకం వేస్తే ఫ్రాన్సులోనూ వాడే కలగలుపు ప్లగ్గు కూడా అందులో పడుతుంది. ఇన్వర్టరు శాఖలో మాత్రం అమెరికా సాకెట్లు ఉంచి, ‘120 వోల్టులు – ఇన్వర్టరు’ అని అంటించండి. ఆ శాఖ వైర్లు 230 వైర్లతో ఒకే పెట్టెలో కలవకూడదు.

9. వస్తువులు ఒక్కొక్కటిగా

వాటర్ హీటరు. 120 వోల్టుల 1,500 వాట్ల ఎలిమెంటుకు 230 ఇస్తే అది 5,500 వాట్లు లాగబోతుంది. 16 ఆంపియర్ల బ్రేకరు పడిపోతుంది, లేదా ఎలిమెంటు పోతుంది. ఐరోపా ఎలిమెంటు కొందామంటే మర కలవదు. అమెరికా ట్యాంకుల మర వేరు. చిట్కా ఏమిటంటే, అమెరికా ఇళ్ల గీజర్లకు వాడే 240 వోల్టుల 1,500 వాట్ల మర ఎలిమెంటు తెప్పించుకోండి. 230 మీద అది సుమారు 1,380 వాట్లు ఇస్తుంది. నీళ్లు కొద్దిగా ఆలస్యంగా కాగుతాయి, అంతే. థర్మోస్టాటు, అదనపు వేడికి ఆగే కటౌటు రెండింటి మీదా 240 వోల్టులని రాసి ఉందో లేదో చూడండి. ట్యాంకు నిండక ముందు బ్రేకరు వేయవద్దు.

ఏ.సి. ప్లేటు మీద 50 హెర్ట్జ్ కూడా రాసి ఉంటే అదృష్టం. లేకపోతే యూనిట్ మార్చాలి. డక్టులు, నీటి గొట్టాలు, గ్రిల్లులు అన్నీ అలాగే ఉంచుకోవచ్చు.

ఇక్కడ దాదాపు అందరూ మరచిపోయేది సముద్రపు నీటి పంపు. అది ఏ.సి. పక్కన ఉండదు, ఇంజను గదిలో అడుగున ఎక్కడో ఉంటుంది. నేను చూసిన ఒక బోటులో కొత్త 230 యూనిట్ పెట్టి, పాత పంపునే దాని కంట్రోలు బోర్డుకు కలిపారు. పంపు మొదటి పది నిమిషాలు బాగానే తిరిగింది. తర్వాత దాని మీద చెయ్యి పెట్టలేకపోయాం. పక్క నుంచి వార్నిష్ కాలిన వాసన. నీళ్లు ఆగి, ఏ.సి. అధిక పీడనం చూపి ఆగిపోయింది. యజమాని మూడుసార్లు ఫిల్టరు శుభ్రం చేయించాడు. తప్పు ఫిల్టరుది కాదు, 115 వోల్టులు 60 హెర్ట్జ్ అని పంపు నెత్తిన రాసే ఉంది.

బ్యాటరీ ఛార్జరు. బరువుగా ఉండి ‘హమ్’ అనే పాత ఫెరోరెజొనెంట్ ఛార్జర్లు 60 హెర్ట్జ్‌కే శ్రుతి చేసినవి. ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 120 ఇచ్చినా 50 మీద సరిగా ఛార్జి చేయవు, వేడెక్కుతాయి. తీసేసి, రెండు రకాల కరెంటునూ తీసుకునే కొత్తది పెట్టండి.

మైక్రోవేవ్. పాతదైతే ఇచ్చేయండి. ఐరోపా మైక్రోవేవ్ కొనడం ఈ జాబితాలో అన్నిటికన్నా చవకైన పరిష్కారం. ట్రాన్స్‌ఫార్మరుతో నెట్టుకొచ్చేవారికి దాని గడియారమే సాక్ష్యం చెబుతుంది. కరెంటు ఫ్రీక్వెన్సీని లెక్కపెట్టే గడియారాలు 50 మీద గంటకు పది నిమిషాలు వెనకబడతాయి.

10. జనరేటరు

నాలుగు పోళ్ల (ఇక్కడ పోళ్లంటే అయస్కాంత ధ్రువాలు) జనరేటరు 60 హెర్ట్జ్ కోసం నిమిషానికి 1,800 చుట్లు తిరుగుతుంది, 50 కోసం 1,500. చాలా రకాల్లో వేగం తగ్గించి, వోల్టేజి రెగ్యులేటరులో 50/60 జంపరు మార్చి, వైండింగు చివరలను సమాంతరం నుంచి వరసకు కలిపి 230 పొందవచ్చు. కానీ అన్నిటిలో కాదు. వరసకు కలిపినప్పుడు 60 హెర్ట్జ్‌లో 240 ఇచ్చే వైండింగు, 1,500 చుట్ల వద్ద సహజంగా ఇచ్చేది 200 వోల్టులే. దాన్ని 230కి లాగితే ఫ్లక్స్ 15 శాతం పెరుగుతుంది. తయారీదారు మాన్యువల్‌లో 50 హెర్ట్జ్ పేజీ ఉంటే చేయండి, లేకపోతే వద్దు.

మార్చిన తర్వాత శక్తి ఆరో వంతు తగ్గుతుందని లెక్కించుకోండి. 7.5 కిలోవాట్లది 6.25 అవుతుంది. ఒడ్డు, జనరేటరు మధ్య మార్చే స్విచ్ రెండు పోళ్లనూ తెంచేదై, ఒకదాన్ని వదిలాకే మరోదాన్ని పట్టుకునేదై ఉండాలి.

11. ఎర్తు, న్యూట్రల్

సూత్రం చిన్నది: న్యూట్రల్, ఎర్తు కలిసేది కరెంటు పుట్టే చోట మాత్రమే. ఒడ్డు కరెంటు మీద ఉన్నప్పుడు ఆ కలయిక ఒడ్డునే ఉంటుంది, బోటులో ఉండకూడదు. జనరేటరు, ఇన్వర్టరు, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ మాత్రం తమతమ దగ్గర కలుపుకోవాలి.

ట్రాన్స్‌ఫార్మరు పెట్టినవారు చేసే పెద్ద తప్పు, ఆర్.సి.డి.ని (లీకేజిని పసిగట్టి కరెంటు తెంచే పరికరాన్ని) ప్రైమరీ వైపు, అంటే ఒడ్డు వైపు మాత్రమే ఉంచడం. సెకండరీలో లీకేజి జరిగితే ప్రైమరీ వైపు ఆర్.సి.డి.కి కబురు అందదు. సెకండరీలో న్యూట్రల్-ఎర్తు కలిపి, దాని తర్వాత మరో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.డి. పెట్టాలి.

ట్రాన్స్‌ఫార్మరు లేనివారు ఒడ్డు నుంచి వచ్చే ఎర్తు వైరులో గాల్వానిక్ ఐసొలేటరు (లోహాన్ని తినే చిన్న కరెంటును ఆపేది) వేసుకోండి. లేకపోతే పక్క బోట్లతో మీ బోటు ఆ వైరు ద్వారా ఒక బ్యాటరీలా మారి, మీ జింకులను (బోటు లోహానికి బదులు తామే అరిగిపోయే ముక్కలను), డ్రైవు లోహాన్ని తింటుంది. విసుగెత్తి ఎర్తు వైరునే తెంచేసినవారిని చూశాను. అది మాత్రం ఎప్పుడూ చేయవద్దు. లీకైన కరెంటు నీళ్లలోకి పారుతుంది, ఈదుతున్న మనిషి మంచినీటిలో కదలలేక మునిగిపోతాడు.

12. పరీక్షలు, ఈ వరసలోనే

ఒడ్డు తీగ తీసే ఉంచండి. ఇన్వర్టరు, జనరేటరు ఆపే ఉంచండి.

□ ఇన్‌లెట్టు ఎర్తు పిన్ను నుంచి ప్రతి సాకెట్టు, ప్రతి వస్తువు లోహపు ఒంటి దాకా కొనసాగింపు. విలువ ఒక ఓములోపు, దాదాపు సున్నా.
□ అన్ని వస్తువులు, ఛార్జరు, సర్జ్ రక్షణ విప్పేసి, ఫేజు-న్యూట్రల్ కలిపి ఎర్తుకు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు). ఒక మెగా ఓము కన్నా తక్కువ వస్తే ఆగి, శాఖలవారీగా వెతకండి. చాలాసార్లు హీటరు ఎలిమెంటో, తడిసిన ఇన్‌లెట్టో దొరుకుతుంది.
□ ఒడ్డు కరెంటు వైపు న్యూట్రల్-ఎర్తు బోటులో ఎక్కడా కలవలేదని నిర్ధారణ.
□ అన్ని బ్రేకర్లు ఆపి ఒడ్డు తీగ పెట్టడం. ఇన్‌లెట్టు దగ్గర 207 నుంచి 253 వోల్టుల మధ్య ఉండాలి.
□ ఆర్.సి.బి.ఓ. బటను, ఆపైన టెస్టరుతో 30 మిల్లీ ఆంపియర్లకు ట్రిప్.
□ శాఖలు ఒక్కొక్కటిగా. ప్రతి సాకెట్టులో పోలారిటీ.
□ హీటరు వేసి అరగంట. ఇన్‌లెట్టు, ప్లగ్గు, ప్యానెల్ స్క్రూల దగ్గర వేడి. గోరువెచ్చన ఫరవాలేదు. చెయ్యి తీసేయాలనిపిస్తే వదులు స్క్రూ ఉందని అర్థం.

స్విచ్ వేయగానే ఆర్.సి.బి.ఓ. పడిపోతుంటే, వస్తువులన్నీ విప్పి ఒక్కొక్కటే కలపండి. రేవు పెట్టెలోని బ్రేకరు ట్రాన్స్‌ఫార్మరు వేసిన క్షణంలోనే పడుతుంటే, అది లీకేజి కాదు. ట్రాన్స్‌ఫార్మరు మొదట ఒక్కసారిగా లాగే కరెంటు అది. సాఫ్ట్ స్టార్ట్ ఉన్నది వాడాలి.

13. రేడియో సంగతి

వైరింగు కాకపోయినా అడుగుతారు కనుక రెండు మాటలు. వి.హెచ్.ఎఫ్. రేడియోను అంతర్జాతీయ ఛానెళ్లకు మార్చండి. అమెరికాలో దేశీయ వాడకానికి ఇచ్చిన ఎమ్.ఎమ్.ఎస్.ఐ. నంబరు (రేడియోలో బోటును గుర్తించే నంబరు) ఇక్కడ పనికిరాదు. బోటు నమోదైన దేశం నుంచి కొత్తది తీసుకోవాలి. రైన్ వంటి లోతట్టు జలమార్గాల్లో ఏటిస్ సంకేతం (ప్రతి ప్రసారంతో పాటు బోటు గుర్తింపు) పంపే రేడియో తప్పనిసరి. మీ అమెరికా సెట్టులో ఆ సదుపాయం బహుశా ఉండదు.

14. రేవు మారిన ప్రతిసారీ

సంచిలో ఉండవలసినవి: 25 మీటర్ల రబ్బరు కేబుల్, రెండు చివరలా నీలం 16 ఆంపియర్ల కనెక్టర్లు, 16 నుంచి షూకోకు, 32 నుంచి 16కు పొట్టి తీగలు, పోలారిటీ టెస్టరు. కేబుల్‌ను చుట్టగా ఉంచి వాడవద్దు, హీటరు లోడుకు లోపలి చుట్టలు కరుగుతాయి.

పెట్టె మీద ఎన్ని ఆంపియర్లని ఉందో చదవండి. 16 ఆంపియర్ల సాకెట్టు ఉన్నా వెనక బ్రేకరు 6 ఆంపియర్లదే కావచ్చు. అంటే 1,380 వాట్లు. కొన్ని పాత డచ్చి రేవుల్లో 4 ఆంపియర్లే. ఛార్జరులో ఇన్‌పుట్ పరిమితి ఉంటే ముందు దాన్ని తగ్గించి, హీటరు ఆపి, అప్పుడు ప్లగ్గు పెట్టండి. రాత్రి పదకొండుకు బ్రేకరు పడితే, రేవు ఆఫీసు తాళం తెల్లారి తొమ్మిదికి గానీ తెరవరు.

నార్వే వెళ్లేవారికి ఒక్క మాట. అక్కడ చాలాచోట్ల 230 వోల్టులు రెండు ఫేజుల మధ్య వస్తాయి, న్యూట్రల్ అంటూ ఉండదు. మీ రివర్స్ పోలారిటీ లైటు ఎటు తిప్పి పెట్టినా వెలుగుతూనే ఉంటుంది. ప్లగ్గు తిప్పుతూ కూర్చోవద్దు, వైర్లు మార్చవద్దు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ఉంటే మీకు పట్టింపే లేదు. లేకపోతే ఆరో మెట్టులో వేసిన రెండు పోళ్ల బ్రేకర్లు అక్కడ మిమ్మల్ని కాపాడతాయి.